పన్నెండు శ్రీలు

స్వర్ణ ఏది రాసినా ముందు శ్రీ పెట్టేది. కిరాణా చీటీ మీద శ్రీ. గ్యాస్ బండ వచ్చిన తారీఖు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే దాని పైన శ్రీ. కొడుకు పుస్తకాలకు అట్టలు వేస్తే అట్ట మడతలో, ఎవరికీ కనిపించని చోట, పెన్సిల్‌తో సన్నగా ఒక శ్రీ. చిన్నప్పుడు బడిలో పలక మీద శ్రీ లేకపోతే పంతులు ఆ పలకను ముట్టుకునేవాడు కాదు. ఆ భయం ఎప్పుడో పోయింది గానీ చేతి అలవాటు మాత్రం పోలేదు. దేవుడికి ఇన్ని శ్రీలు అవసరమా అని ఆమెకే అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. వచ్చినా చెయ్యి ఆగేది కాదు.

కంప్యూటర్ నేర్పే పని దొరికాక ఆ అలవాటును పిల్లలకు కూడా అంటించింది.

కోస్గి బస్టాండు వెనక, విత్తనాల దుకాణం పైన రెండు గదుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ ఆడపిల్లల కోసం సెంటరు నడిపేది. ఇంటర్ అయిపోయి, పై చదువుకు పంపాలా వద్దా అని ఇంట్లో తేల్చుకోలేక కూర్చోబెట్టిన పిల్లలే అక్కడికి వచ్చేవాళ్లు. స్వర్ణ కూడా పెద్ద చదువులు చదివిందేమీ కాదు. పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ, ఆ తరువాత సంస్థవాళ్లే నేర్పిన చిన్న కోర్సు. తెలియనిది ఎదురైతే నాకూ తెలియదు బిడ్డా, కలిసి చూద్దాం పదండి అనేది. ఆ మాట చెప్పగలిగినందుకే పిల్లలు ఆమెను వదిలేవాళ్లు కాదు.

ఆ ఏడు చివర్లో ఒక్కొక్కరు తమ ఇంటికి పనికొచ్చే ప్రోగ్రాం ఒకటి రాయాలని సంస్థవాళ్లు పరీక్ష పెట్టారు. మనీష వాళ్లది గొర్రెల ఇల్లు. తండ్రి బీరన్న ఏడాదిలో సగం మందతో ఊళ్లు తిరుగుతాడు. ఏ గొర్రెకు ఏ మందు ఎప్పుడు పట్టాలో ఆమె ప్రోగ్రాం చెబుతుంది. ప్రణీత రాసింది బోరు మోటరు గురించి. కరెంటు వచ్చే వేళలను బట్టి ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో అది చెబుతుంది. ఒకరిది పాల లెక్క, ఒకరిది కంది విత్తనాల అదును. అలా పన్నెండు మందివి పన్నెండు ప్రోగ్రాములు.

ప్రోగ్రాం అంటే ఒక్క ఫైలుతో అయిపోదు. నాలుగైదు భాగాలుంటాయి, ఒక్కో భాగానికి ఒక ఫైలు. మనిషి రాసినదాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఆ భాగాలన్నిటినీ వెతికి పట్టుకుని కలపాలి. ఏ భాగం ఏ పేరుగల ఫైల్లో, ఏ ఫోల్డర్‌లో ఉందో దానికి ముందే చెప్పిపెట్టాలి. చిక్కంతా ఇక్కడే. అన్ని డిస్కులూ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి తెలుగు పేర్లను ఉన్నవి ఉన్నట్టు దాచుకుంటుంది, ఇంకొకటి తెలుగు అక్షరమే ఎరగదు. అందుకని డిస్కు తీరును బట్టి కంపైలర్‌కు ఒక సెట్టింగుల ఫైలు రాసివ్వాలి. సెంటరులో రెండు రకాల మిషన్లు ఉండేవి కాబట్టి స్వర్ణ వారం పాటు కుస్తీ పట్టి రెండు రకాల సెట్టింగులు రాసుకుంది.

పన్నెండు ప్రోగ్రాములలోనూ మొదటి భాగం పేరు శ్రీ. అది చేసే పని చిన్నదే. తెర మీద దేవుడి పేరు, దాని కింద ఇంటి సంగతి ఒక ముక్క చూపించి తరువాతి భాగానికి దారి ఇస్తుంది. ‘కురుమూర్తి స్వామి దయ. ఇది బీరన్న మంద’ అని మనీష రాసుకుంది. ప్రణీత తన తండ్రి పేరుతో ‘ఇది జానయ్య బోరు’ అని పెట్టింది. తక్కిన భాగాలకు ఎవరి పేరు కలిపి వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టుకున్నారు. మొదటి ఫైలు మాత్రం అందరికీ శ్రీ. ఎవరి ఫోల్డర్‌లో వాళ్లది ఉండేది గనుక కోస్గిలో దానితో ఏ పేచీ రాలేదు.

అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి మహబూబ్‌నగర్‌లోని సంస్థ ఆఫీసుకు పంపారు. జిల్లాలు మారినా కోస్గివాళ్ల పనులు ఇంకా ఆ పాలమూరులోనే తేలతాయి.

వారం తిరగకముందే ఫోను వచ్చింది. కోస్గి పిల్లలందరూ ఒకరిదే కాపీ కొట్టారట. పని చూసిన రఘుపతి సారు అలా రాశారట. ఇలాంటి సెంటరును నడపడం దండగ కాబట్టి మూసేసి, ఇష్టమున్న పిల్లల్ని కొత్తకోట సెంటరులో కలుపుతారట. స్వర్ణ శనివారం వచ్చి ఆ కాగితం మీద సంతకం పెట్టాలట.

కోస్గి నుంచి కొత్తకోటకు రోజూ పోయి రావడం అంటే తెల్లారి మొదటి బస్సు పట్టుకుని, పాలమూరులో ఇంకో బస్సు ఎక్కి, పొద్దుగూకాక తిరిగి రావడం. పన్నెండు ఇళ్లలో ఒక్క ఇల్లు కూడా దానికి ఒప్పుకోదని స్వర్ణకు తెలుసు. పైగా కాపీ కొట్టారన్న మాట ఊళ్లోకి వస్తే, ఆడపిల్లకు ఈ చదువెందుకని ముందునుంచీ అంటున్నవాళ్లకు అదొక్కటి చాలు.

భర్త లింగస్వామి విని, పెద్దవాళ్లతో పెట్టుకోవద్దని, సంతకం పెట్టేసి ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకోమని మెల్లగా సలహా ఇచ్చాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. స్వర్ణ కూడా పెంచలేదు. పూజ గదిలో దీపం కొండెక్కకుండా నూనె పోసి వచ్చి, “చెయ్యని తప్పుకు నేను సంతకం పెడ్తే పిల్లలు చేసినట్టే గద” అంది.

శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పచ్చి మంచినీళ్లు తాగి బస్సెక్కింది. మనీషను, ప్రణీతను వెంట తీసుకుంది. దారిలో ప్రణీత కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే మనీష మోచేత్తో పొడిచి, ఏడ్చేది ఉంటే పాలమూరు రాకముందే ఏడ్చి అవతల పారేయమంది.

రఘుపతి సారు రిటైరైన లెక్చరర్. చెడ్డవాడు కాదు. పదకొండు సెంటర్ల పని ఒక్కడే చూసి చూసి విసిగి ఉన్నాడు. వీళ్లను కూర్చోబెట్టి, ఆఫీసులో కంప్యూటర్ల పని చూసే మల్లేశ్‌ను పిలిచి ఒక్కొక్క ప్రోగ్రామే తెర మీద నడిపించాడు. ప్రణీత ప్రోగ్రాం తెరుచుకుంది. ‘కురుమూర్తి స్వామి దయ. ఇది బీరన్న మంద’ అంది. ఆ తరువాతే బోరు లెక్క మొదలైంది. పాల లెక్క తెరిచినా బీరన్న మందే. కంది విత్తనాలు తెరిచినా బీరన్న మందే.

“కోస్గి అంత కలిసి ఒక్కటే మందనా అమ్మా?” అన్నాడు రఘుపతి. “కాపీ కొట్టేటోళ్లు జర పేరన్న మార్చుకోవాలె గద.”

ప్రణీత ముఖం ఎర్రబడింది. తన మొదటి పేజీలో మనీష తండ్రి పేరు ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. మనీష వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో అనుమానం ఉంది. స్వర్ణకు అన్నిటికన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. ఒక్క పూటలో ఈ ఆఫీసు ఇద్దరు స్నేహితుల మధ్య గీత గీసింది.

పిల్లలు రాసిన ఫైళ్లు ఒకసారి తాను చూడాలంది స్వర్ణ. చూసి ఏం చేస్తావని అన్నాడు గానీ రఘుపతి అడ్డు చెప్పలేదు. మల్లేశ్ డిస్కు తెరిచి చూపించాడు. పన్నెండు మంది ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో వరసగా ఉన్నాయి. పిల్లల పేర్లతో ఉన్నవన్నీ కనిపిస్తున్నాయి గానీ శ్రీ అన్నది ఎక్కడా లేదు. అన్నిటికంటే చివర ఒక ఫైలుకు పేరే లేదు. పేరు ఉండాల్సిన చోట నాలుగు అడ్డగీతలున్నాయి.

స్వర్ణ మల్లేశ్‌ను అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. ఈ డిస్కు పాతది, తెలుగు ఎక్కదు. తెలుగు అక్షరం వస్తే దాని బదులు గీత పెడుతుంది. మనం శ్రీ అని ఒకటిగా చూసేది లోపల మిషన్‌కు నాలుగు ముక్కలు, అందుకే నాలుగు గీతలు. కంపైలర్ మాత్రం శ్రీ ఎక్కడ, శ్రీ ఎక్కడ అని అడుగుతూ ఆగిపోయింది. పాపం పిల్లల పని ఆగిపోతుందని తానే సెట్టింగులలో, శ్రీ అంటే నాలుగు గీతల ఫైలు అని ఒక వరస రాసిపెట్టాడు. అప్పుడు అన్నీ నడిచాయి.

“పెన్‌డ్రైవ్‌ల పన్నెండు శ్రీలు ఉండె గద తమ్మీ,” అంది స్వర్ణ. “ఒక్కటే ఉన్నదేంది?”

మల్లేశ్ చెయ్యి మౌస్ మీద ఆగింది. ఫోల్డర్లు తీసేసి అన్నీ ఒకే చోట పోశామని, ఆ డిస్కు అలా పెట్టి ఉందని, కొత్త ఫోల్డర్ చేసే అధికారం తనకు కూడా లేదని గొణిగాడు. చెబుతూ చెబుతూనే అతనికి తెలిసిపోయింది. ఒకే పేరుతో వచ్చిన ప్రతి ఫైలూ అంతకుముందు ఉన్నదాన్ని చెరిపేసి దాని చోట కూర్చుంది. చివరిగా వచ్చింది మనీషది. మిగతా పదకొండు ఇళ్ల ముందు బీరన్న పేరు రాసింది కాపీ కొట్టిన పిల్ల కాదు, ఆ డిస్కే.

ప్రణీత గట్టిగా ఊపిరి వదిలింది. మనీష ఆమె చెయ్యి గిల్లింది.

స్వర్ణకు మాత్రం అప్పుడే సంతోషం రాలేదు. అందరికీ ఒకే పేరు పెట్టించింది తాను. స్వామీ, నీ పేరు పెట్టమని నువ్వు ఎన్నడూ అడగలేదు, మేమే పెట్టుకున్నాం, పెట్టుకుని పిల్లల్ని ఇక్కడిదాకా తెచ్చామా అని లోపల ఒక బాధ మెలితిప్పింది. ఆ ప్రశ్నకు జవాబు వెతికే వేళ కాదది. కొంగు బిగించుకుని రఘుపతి వైపు తిరిగింది.

ఆయన అంతా విన్నాడు. అర్థం కూడా అయింది. కానీ ఫలితాలు పైకి పంపేశామని, ఇప్పుడు మళ్లీ తెరిస్తే తనకు మాట వస్తుందని, ఈ ఏటికి ఇలాగే ఉంచుదామని అన్నాడు. అసలు కంప్యూటర్లో తెలుగు పేర్లెందుకు, అందులోనూ శ్రీ ఎందుకు, శుభ్రంగా మెయిన్ అని పెట్టి వచ్చే ఏడు కొత్తకోట నుంచి పంపించుకొమ్మన్నాడు.

“శ్రీ తీసి మెయిన్ అని పెడ్తే పన్నెండు మెయిన్లు అయితయి సార్,” అంది మనీష. కూర్చున్న చోటు నుంచి లేవకుండానే అంది. “గవి గూడ ఒకదాన్నొకటి మింగుతయి. తెలుగు ఏం జేసింది మధ్యల?”

రఘుపతి సెంటరు మూసే కాగితం తీసి స్వర్ణ ముందుకు జరిపాడు.

స్వర్ణ తన సంచిలోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. పిల్లల పని ఉన్నది ఉన్నట్టు ఇందులో ఉందని, ప్రోగ్రాం లోపల ఒక్క అక్షరం మార్చకుండా ఇదే డిస్కు మీద, ఇదే మిషన్‌లో, ఇప్పుడే నడిపించి చూపిస్తానని, అంతవరకు సంతకం పెట్టేది లేదని చెప్పింది. మధ్యాహ్నం ఆఫీసు మూసేస్తామని రఘుపతి అన్నాడు. మూసేదాకా ఉంటానంది. చూపించలేకపోతే అని ఆయన అన్నాడు. అప్పుడు మీరు ఏది రాస్తే అది రాసుకోండి అంది. మాట అన్నాక గానీ ఎంత పెద్ద మాట అన్నదో ఆమెకు తట్టలేదు.

పని మొదలైంది. దారి స్వర్ణకు తోచింది. డిస్కు మీద ఉండే ఫైలుకు ఏ పేరైనా ఉండనీ, ప్రోగ్రాం లోపల శ్రీ శ్రీగానే ఉంటుంది. రెంటికీ మధ్య ముడి వేసేది సెట్టింగులు. మల్లేశ్ ఒక్కో శ్రీ ఫైలునూ ఆ డిస్కుకు మింగుడుపడే ఇంగ్లీషు అక్షరాల్లో, పిల్ల పేరు కలిపి, వేరు వేరుగా ఎక్కించాడు. ఇక పన్నెండూ పన్నెండుగా నిలిచాయి. స్వర్ణ సెట్టింగుల ఫైలు తెరిచి మల్లేశ్ రాసిన వరస కొట్టేసి, శ్రీ అంటే మనీష ఫైలు, శ్రీ అంటే ఫలానా పిల్ల ఫైలు అని ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయింది. చివరి వరస ప్రణీతది.

నడిపించారు. మనీష గొర్రెల ప్రోగ్రాం తెరుచుకుని ‘ఇది జానయ్య బోరు’ అంది.

మల్లేశ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. రఘుపతి కుర్చీలో వెనక్కి వాలి, ఇందాక ఊరంతా గొర్రెలే, ఇప్పుడు గొర్రెలకు కూడా మోటర్లు పెట్టిండ్రు అన్నాడు. స్వర్ణ చెవులు వేడెక్కాయి. ఒకే కాగితం మీద శ్రీ ఎక్కడంటే పన్నెండు జవాబులు రాసింది తాను. కంపైలర్ చివరి జవాబు పట్టుకుంది. డిస్కు చేసిన తప్పే ఇప్పుడు తన చేత్తో తాను చేసింది. గోడ గడియారం వైపు చూడబుద్ధి కాలేదు.

మనీష ఆమె పక్కకు కుర్చీ జరుపుకుంది.

“టీచర్, మా బాపు ఒక్కొక్కరి చేన్ల ఒక్కో తీరు దడి కడ్తడు,” అంది నెమ్మదిగా. “రాళ్ల చేను ఉంటది, రేగడి ఉంటది. ఎవరి జాగా వాళ్లదే. ఒక చేన్ల దడి ఇంకో చేన్లకు పనికి రాదు. మంద మాత్రం గదే.”

స్వర్ణ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఒక్కొక్కరికి ఒక్కో సెట్టింగు అంటున్నావా అని అడిగింది. మనీష తల ఊపి, కానీ కంపైలర్ అలా ఒప్పుకుంటుందో లేదో తనకు తెలియదంది. తనకూ తెలియదంది స్వర్ణ. మల్లేశ్ ఒకసారి కంపైలర్ మాన్యువల్ తెరిచి చూసి, నడిపించేటప్పుడు ఏ సెట్టింగుల ఫైలు వాడాలో చెప్పే వీలుందని, కానీ ఇక్కడ ఎవరూ ఎన్నడూ వాడలేదని చెప్పాడు.

ముగ్గురూ కలిసి రాశారు. ప్రణీత పక్కన నిలబడి పేర్లు చదివి వినిపించింది. ఒకరి పేరు చదివితే ఒక సెట్టింగు. అందులో శ్రీ ఎక్కడుందో ఒకే ఒక్క జవాబు. రాస్తున్నంతసేపూ రఘుపతి బయటికి పోయి టీ తాగి వచ్చాడు, మళ్లీ పోయి ఫోను మాట్లాడి వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం పోకుండా వాళ్ల వెనకే నిలబడ్డాడు.

ఈసారి మొదట ప్రణీతది నడిపించారు. ‘ఇది జానయ్య బోరు’ అని వచ్చింది. ప్రణీత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. తరువాత పాల లెక్క. అది ఆ ఇంటి పేరే చెప్పింది. కంది విత్తనాలు, నిమ్మ తోట, వరసగా ఎవరి గుమ్మం ముందు వాళ్ల పేరు. బీరన్న మంద ఒక్క మనీష ప్రోగ్రాంలోనే వచ్చింది. రఘుపతి వంగి, కళ్లద్దాలు సర్దుకుని, పన్నెండూ చూశాడు. ఒకటి రెండు చోట్ల తాను కావాలనే తప్పు అంకెలు కొట్టి చూశాడు. కంది విత్తనాల ప్రోగ్రాం తప్పు అంకెను కూడా మింగేసింది. దానికి మార్కులు తగ్గుతాయన్నాడు. తగ్గించమంది స్వర్ణ.

ఆయన బల్ల దగ్గరికి పోయి కొత్త కాగితం తీసుకున్నాడు. ఏం రాయాలో తానే పైకి చదువుకుంటూ రాశాడు. కోస్గి సెంటరు ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టడం వల్ల పొరపాటు జరిగిందని, ఇకమీదట తెలుగు పేర్లు వాడబోమని సెంటరు ఒప్పుకుందని, అందువల్ల ఈసారికి సెంటరును కొనసాగించవచ్చని. పెన్ను ఆమె వైపు చాపాడు.

కోరుకున్నది చేతికి వచ్చింది. సెంటరు ఉంటుంది. పిల్లలు కొత్తకోట పోనక్కరలేదు. లింగస్వామి ఇక్కడ ఉంటే సంతకం పెట్టేయమనేవాడు. స్వర్ణ కాగితం మొత్తం చదివి, పెన్ను తీసుకోకుండా తిరిగి ఆయన ముందుకు జరిపింది.

“సగం తప్పు నాది సార్. పన్నెండు మందికి ఒక్కటే పేరు పెట్టిచ్చిన. పిల్ల పేరు గూడ కలిపి పెట్టుమనేది ఉండె, తోచలే. గది నేను రాస్త, సంతకం పెడ్త. ఇంకో సగం మీ డిస్కుది. అన్నీ తెచ్చి ఒక్క జాగల పోసిండ్రు. గది మీరు రాయాలె.”

“పని అయింది గదమ్మా. మళ్ల గిదేం లొల్లి?”

“పని కాలే సార్. కాపీ కొట్టలేదని దీంట్ల ఎక్కడ లేదు. కొట్టిండ్రన్న మాట రేపు ఊరికి చేరుతది. దాన్ని ఆపాలంటే కొట్టలేదన్నది కాగితం మీద ఉండాలె.”

రఘుపతి పెన్ను మూత పెట్టాడు, తీశాడు. ఆయనకు కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో తెలియడం లేదు. వచ్చే ఏడు తెలుగు పేర్లు పనికిరావని రూలే పెడితే ఏం చేస్తావని అడిగాడు.

“పెట్టుండ్రి సార్,” అంది స్వర్ణ. “మేం శ్రీతోనే పంపుతం. మీ డిస్కుకు తగ్గ సెట్టింగులు గూడ మేమే రాసి పంపుతం. నడవకపోతే పిలువుండ్రి. మళ్ల వచ్చి కూసుంటం.”

మల్లేశ్ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. రఘుపతి ఆ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి మరొకటి తీశాడు. ఈసారి పైకి చదవలేదు. రాసి ఆమెకు ఇచ్చాడు. అందరికీ ఒకే పేరు పెట్టించడం సెంటరు పొరపాటని, ఫైళ్లన్నీ ఒకే చోట వేయడం ఆఫీసు పొరపాటని, పిల్లలెవరూ కాపీ కొట్టలేదని ఉంది. తెలుగు పేర్ల మాట లేదు. స్వర్ణ సంతకం పెట్టింది. ఆయన కింద తనదీ పెట్టాడు. ఇక పోవచ్చన్నట్టు ఫైలు మూసి, తాళం చెవులు తీశాడు.

“దీనికి జిరాక్స్ కావాలె సార్,” అంది స్వర్ణ.

కరెంటు లేదన్నాడు మల్లేశ్. ఫ్యాను తిరుగుతోందని మనీష గుర్తు చేసింది. మల్లేశ్ మిషన్ వెచ్చబడేదాకా ఆగి, ఒకటి తీసి తెచ్చాడు. పన్నెండు కావాలంది స్వర్ణ. ఇంటికొకటి. అవి వచ్చేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.